చెద తినని చుక్కాని

సూర్యబింబం కడలి మీద బారెడు పైకి లేచేసరికి ముక్తాద్వీపపు కలప బజారులో శంఖాలు మోగడం మొదలైంది. బేరం కుదిరినప్పుడల్లా శంఖం పూరించడం ఆ ద్వీపపు ఆచారం. రేవు నుంచి కోటగుమ్మం దాకా అరకోసు పొడవున రెండు వైపులా కొట్లే. తామ్రగిరి టేకుతో చేసిన పల్లకీలు, శీతలదేశపు దేవదారు భోషాణాలు, దంతపు తీగలు పొదిగిన పందిరిమంచాలు, లక్కపూతతో దానిమ్మ గింజల్లా మెరిసే పీటలు, ఏనుగులు లాగగా ఏటిలో దిగి తెప్పలై, ఓడలెక్కి వచ్చిన నల్లమద్ది దూలాలు! పన్నెండు దేశాల అడవులు ఆ ఒక్క వీధిలోకి నడిచి వచ్చి అమ్మకానికి నిలబడినట్టుంది. కొనేవాడి భాష అమ్మేవాడికి రాదు. వేళ్లతోనే బేరాలు, తలాడింపుతోనే ఒప్పందాలు. గాలి నిండా చందనపు పొట్టు వాసన.

ఆ సందడిలో ఇద్దరు మాత్రం ఏ సరుకు వంకా చూడకుండా పరుగులాంటి నడకతో పోతున్నారు. ముందు నడుస్తున్నది జరీ తలపాగా, వజ్రపు పోగులు పెట్టుకున్న పడుచు వర్తకుడు. వెనక నడుస్తున్నవాడు ముప్పై యేళ్ల వడ్రంగి. భుజాన పనిముట్ల సంచి, ఎడమచేతికి మణికట్టు దాకా గుడ్డ చుట్టుకొని ఉన్నాడు.

ఆ వర్తకుడు నిజానికి దారుకావతి రాకుమారి తరళ. వడ్రంగి పేరు మాచన.

పది నెలల కిందట దారుకావతి రాజు చండవర్మ తన దేశపు మంచాలూ తలుపులూ పన్నెండు దేశాలకు ఓడలెక్కుతున్నాయన్న గర్వంతో, కొండమీది వెయ్యేళ్ల వేగిస చెట్టును కొట్టించాడు. శుష్కనాథుడనే మాంత్రికుడు తన ప్రాణాన్ని ఆ చెట్టులో దాచుకున్నాడని ఆయనకు తెలియదు. గొడ్డలి తగిలినచోటల్లా చెట్టు నెత్తురు కార్చింది. వేగిస బంక ఎర్రగానే ఉంటుంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఆ కలపతో ఆరు వస్తువులు చేశారు. మిగిలిన మందపాటి పలకను ముక్తాద్వీపపు రాజు పట్టాభిషేక పీఠం కోసం అలాగే ఓడెక్కించారు. వస్తువులు చెక్కుచెదరక ఉన్నన్నాళ్లూ మాంత్రికుడికి చావు లేదు. కానీ అతని ప్రాణం ఏడు ముక్కలై ఏడు తీరాలకు పోయింది. ఆ కసితో అతడు శపించాడు. చెట్టును కొట్టమన్నవారు, కొట్టినవారు, చిత్రిక పట్టినవారు, మైనం రుద్దినవారు, అందరూ అంగుళమంగుళంగా కొయ్యబారిపోవాలని.

తొమ్మిదోనాడు చండవర్మ సింహాసనం మీదే కొయ్యబొమ్మ అయ్యాడు. మాచన తండ్రీ అన్నా ఉలి పట్టుకున్న చేతులతో ఉన్నచోటే బిగిసిపోయారు. ఒక్క పలకకే చిత్రిక పట్టిన మాచనకు ఎడమచేతి మణికట్టుతో ఆగింది. వస్తువులకు మైనం రుద్దిన అతని భార్య ముత్తక్కకు పాదాల నుంచి మొదలైంది. అతడు ఇల్లు విడిచేనాటికి నడుము దాటింది.

అడవిలో ఒక యోగిని వారికి విరుగుడు చెప్పింది. "ఏడూ కాలి బూడిద కావాలి. అయితే దొంగిలించి కాలిస్తే అంటుకోవు. ఎవరి చేతిలో ఉంటే వారే మనస్ఫూర్తిగా నిప్పు పెట్టాలి. ఊపిరి మిగిలినవాళ్లు లేచి వస్తారు. పూర్తిగా కొయ్యయినవాళ్లు ఇక రారు. ఏడో పున్నమి పొద్దు గుంకే వేళకు నీ భార్య పెదవులూ బిగిసిపోతాయి. ఆ తర్వాత నా దగ్గరికి రావద్దు."

ఆరు దేశాలు తిరిగారు. ఆరుగురి కాళ్లు పట్టుకున్నారు. ఆరు వస్తువులు కాలాయి. ఒక్కొక్కటి కాలినప్పుడల్లా మాంత్రికుడు ఒక్కో అంగాన్ని పోగొట్టుకున్నాడు. ఒక కన్ను, ఒక చెయ్యి, చివరికి నేలమీది నీడ కూడా. మిగిలింది పలక ఒక్కటే. ఈ రోజే ఏడో పున్నమి.

బజారు పెద్ద ముసలి కుందమ్మ కొట్టు ముందు తరళ ఆగింది.

"అమ్మా! పట్టాభిషేక పీఠానికి దారుకావతి నుంచి వచ్చిన వేగిస పలక మీ దగ్గరుందట. ఎంతకైనా కొంటాను."

కుందమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ తలెత్తింది. "ఉంటే ఇవ్వనా శెట్టీ? అది నా కొట్టు చేరనే లేదు. 'కడలికిన్నెర' ఓడలో వేశారు. మంచాలు దిగాయి, తలుపులు దిగాయి, పలక దిగలేదు. దారిలో తుఫాను పట్టిందట. ఓడ నడిపే సరంగు నూకన్నను ఓడెక్కి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుని మొహం తిప్పుకున్నాడు. పీఠం లేక మా రాజు ఇంకా చాప మీదే కూర్చుంటున్నాడు."

"ఆ సరంగు ఎక్కడున్నాడు?" మాచన ఆత్రంగా అడిగాడు.

"అదిగో, ఓడ లంగరు ఎత్తుతోంది. పరుగెత్తితే దొరుకుతాడేమో."

అప్పుడే కొట్టు మెట్టుమీద నుంచి ఒక బిచ్చగాడు చెయ్యి చాచాడు. "ధర్మం చెయ్యండి బాబూ."

తరళ మొలలోని సంచీకి చెయ్యి పోనిచ్చి ఆగిపోయింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. కుందమ్మ నీడ ఉంది, తూకపు కర్ర నీడ ఉంది, వీధికుక్క నీడ ఉంది. బిచ్చగాడికి నీడ లేదు.

"మాచనా! వీడే!"

బిచ్చగాడు ఒంటికన్నుతో నవ్వాడు. ఎండుటాకులు నలిగినట్టు వినిపించింది ఆ నవ్వు. "ఆరు కాల్చారు. ఏడోదాన్ని నాకు వెతికిపెట్టారు. మంచిది." జోలెలోంచి గుప్పెడు పుట్టమన్ను తీసి గాలిలోకి విసిరాడు.

మన్ను పడినచోటల్లా చెద పుట్టింది. తెల్లగా, పాలు పొంగినట్టు, కొట్ల మీదికి పాకింది. చూస్తుండగా పందిరిమంచం కోళ్లు కుంగాయి. దేవదారు భోషాణాలు పొట్టుగా రాలాయి. టేకు పల్లకీ బోయీల భుజాల మీదే పిండి అయిపోయి, లోపలి మనిషి నేలమీద పడ్డాడు. అరకోసు పొడవున కొట్ల కప్పులు ఒకదాని వెనక ఒకటి కూలుతుంటే, శంఖాలు చేతుల్లో పట్టుకున్న వర్తకులు నోళ్లు తెరిచి చూస్తున్నారు. కుందమ్మ తన కొట్టు గడప మీద కూర్చునే ఉంది. గడప పిండయ్యాక నేలమీద కూర్చుంది. తలమీద పొట్టు పడుతున్నా తుడుచుకోలేదు.

"అరవై యేళ్లు..." అంది మెల్లగా, ఎవరితోనో తెలియకుండా.

మాచన ఆమెను లేపబోయాడు. ఆమె చెయ్యి విడిపించుకుంది. "నా సంగతి వదిలెయ్ నాయనా. వాడు మీ వెనకే ఉన్నాడు. పొండి!"

ఇద్దరూ కూలుతున్న దూలాల కింద నుంచి, దుమ్ములోంచి దూకుతూ రేవుకు పరుగెత్తారు. కడలికిన్నెర అప్పటికే ఒడ్డు విడిచింది. తరళ తలపాగా విప్పి ఓడ వెనక వేలాడుతున్న తాడుకు విసిరింది. అది చిక్కుకుంది. ఒక్క ఊపున ఇద్దరూ ఓడ అంచు పట్టుకుని పైకి దొర్లారు. తలపాగా లేక ఆమె జడ వీపు మీద పడింది. చుట్టూ చేరిన నలభైమంది నావికులు నివ్వెరపోయి నిలబడ్డారు.

ఒడ్డున బిచ్చగాడు నిలబడి ఇంకో గుప్పెడు మన్ను విసిరాడు. అది గాలిలో తేలి వచ్చి ఓడ తెరచాప మీద పడింది. గుడ్డ మడతల్లో చిక్కి, కొయ్యమీదికి రాలే అదను కోసం ఉండిపోయిన ఆ మన్ను ఎవరికీ కనిపించలేదు.

ఓడ వెనకకొన అయిన అమరం దగ్గర చుక్కాని పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తెల్లటి గడ్డం, ఉప్పునీటికి చీరుకుపోయిన చర్మం. వారు ఎక్కినందుకు కోప్పడలేదు, ఎందుకు ఎక్కారని అడగలేదు. చూపు నీళ్ల మీదే ఉంది. అతడే సరంగు నూకన్న.

"సరంగుగారూ!" మాచన చేతులు జోడించాడు. "వేగిస పలక ఏమైంది? చెప్పండి. ఒక ప్రాణం దాని మీద ఆధారపడి ఉంది."

"సంద్రంలో పోయింది," అన్నాడు నూకన్న.

"చూశారా పోవడం?"

"పోయిందంటే పోయింది. బాబూ, నన్నేటీ అడగొద్దు. సందేల పడితే ముందొచ్చే సాయిరేవులో దింపేత్తాను. అంతే."

అతని కుడిచెయ్యి చుక్కాని పిడి మీద అలాగే ఉంది. అన్నం తినేటప్పుడు కూడా ఆ చెయ్యి తీయడని నావికులు చెప్పారు. ఎడంచేత్తోనే తింటాడట. నాలుగు నెలలుగా ఇంతేనట.

మాచన ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఓడ సాగింది. రెండు జాములు గడిచాయి. దీవి కనుమరుగైంది. పొద్దు పడమటికి వాలుతుంటే మాచన వేళ్లతో దాని ఎత్తు కొలుచుకున్నాడు. ఇప్పుడు ముత్తక్క మెడ దాకా వచ్చి ఉంటుంది. పక్కింటి ముసలామె చెంచాతో గంజి పోస్తూ ఉంటుంది. ఇంకొద్ది సేపటికి ఆ చెంచా పెదవులకు తగిలి టక్కుమంటుంది.

అప్పుడు తెరచాప స్తంభం నిట్టనిలువున కుంగింది.

"చెద!" ఎవరో కేకవేశారు.

పైనుంచి కిందికి తెల్లటి ప్రవాహంలా దిగింది చెద. స్తంభం పిండయ్యింది. తెరచాప నావికుల మీద గుడారంలా పడింది. పలకలు గుల్లబారి పాదాల కింద చిట్లాయి. ఒకచోట నీరు బుస్సున పైకి లేచింది. నావికులు చీపుళ్లతో, గోనెలతో, చేతులతో కొట్టారు. కొట్టినకొద్దీ పుట్టుకొచ్చింది. ఓడతో వచ్చే చిన్న పడవలు రెండూ తాళ్లకు వేలాడుతూనే పొట్టు అయిపోయాయి.

"ఓడలో వేపకలప ఏమైనా ఉందా?" మాచన అరిచాడు. "వేపను చెద ముట్టదు!"

నావికుల మేస్త్రీ అన్నాడు: "అడుగున నలభై వేపమంచాలున్నాయండీ. సేదు వాసనని దీవోళ్లు ఒకటీ కొన్లేదు. తిరిగి ఇంటికే తీస్కెల్తన్నాం."

"పైకి లాగండి! రెండేసి కలిపి తాళ్లతో కట్టండి. ఖాళీ నీటిపీపాలు కింద కట్టండి. బేగి!"

నావికులు అడుగుకు దిగారు. ఏ బజారులోనూ చెల్లని ఆ మంచాలు ఒక్కొక్కటిగా పైకి వచ్చాయి. వాటి మీద చెద పాకింది, ఆగింది, వెనక్కి మళ్లింది.

తరళ మాత్రం అమరం వైపే చూస్తోంది. చూసి చూసి మాచన భుజం పట్టుకుంది.

"అటు చూడు."

చెద అమరం దాకా వచ్చింది. చుట్టూ ఉన్న పలకల్ని తిన్నది, కొయ్యమేకుల్ని తిన్నది. చుక్కాని దగ్గరికి వచ్చి రెండు పాయలుగా చీలిపోయింది. రాజు నడిచే దారిలో జనం తప్పుకున్నట్టు తప్పుకుంది. చుక్కాని మీద ఒక్క పురుగు ఎక్కలేదు.

మాచన పరుగెత్తాడు. కడవలోని మంచినీళ్లు చుక్కాని పిడి మీద కుమ్మరించాడు. కారిన నీళ్లను కుడిచేత పట్టి ఎండకు చూపాడు. అరచేతిలో నెమలికంఠపు నీలం తళుక్కుమంది. వేగిసను తాకిన నీళ్లకు మాత్రమే వచ్చే రంగు అది. తేనెరంగు చెక్కలో ఎర్రటి చారలు. ఆ చారల్ని తన చిత్రికతో తానే బయటపెట్టాడు, పది నెలల కిందట.

"ఇదే పలక! సరంగుగారూ, ఇదే!"

నూకన్న ముఖం పాలిపోయింది. రెండు చేతులతో చుక్కానిని పొదువుకున్నాడు.

"ఇది పలక కాదు బాబూ. నా కొడుకు."

ఓడ ఒరిగిపోతోంది. అయినా ఆ మనిషి గొంతులో తొందర లేదు.

"ఆడి పేరు గౌరన్న. ఓడ వడ్రంగం ఆడే సేసేవోడు. తుఫానులో పాత సుక్కాని ఇరిగిపోనాది. నలభై పేణాలు. సరుకులో ఈ పలక కనపడ్డాది. రాజుగోరి పీఠానికంట, పోతే పోనీ అన్నాడు. అల ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంటే, రేతిరీ పగలూ బాడిశెతో సెక్కేడు. నడుంకి తాడు కట్టుకుని, అమరం కిందకి దిగి సీలలు కొట్టేడు. 'అయ్యా, సుక్కాని మీన సెయ్యి తియ్యొద్దు' అన్నాడు కిందనించి. నేను తియ్యలేదు. ఓడ తిరిగింది. అందరం బతికేం. తాడు లాగితే తాడే వొచ్చింది."

నావికుల్లో ఒకడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఆ రోజు నించీ సెయ్యి తియ్యలేదు నేను," అన్నాడు నూకన్న.

మాచన ఎడమచేతి గుడ్డ విప్పాడు. మణికట్టు దాకా కొయ్యచెయ్యి. వేళ్ల మీద చెట్టు చారలు. దాన్ని చూపిస్తూ, నాలుగు మాటల్లో చెప్పగలిగినంత చెప్పాడు. తండ్రి గురించి, అన్న గురించి, ముత్తక్క గురించి, గుంకబోతున్న పొద్దు గురించి. చివర అన్నాడు: "లాక్కుని కాలిస్తే అంటుకోదు. మీరు పెడితేనే అంటుకుంటుంది. పెట్టమని అడగడానికి నాకు నోరు రావడం లేదు సరంగుగారూ. మీ బిడ్డ చేతిపని ఎంతటిదో నాకు తెలుసు. తుఫానులో ఇంత తిన్నగా చెక్కినవాణ్ణి నేను చూడలేదు."

నూకన్న ఆ కొయ్యవేళ్లను తడిమి చూశాడు.

"నీ ఆడమడిసి... మాటాడతందా ఇంకా?"

"పొద్దున దాకా మాట్లాడి ఉంటుంది."

అప్పుడు ఆకాశం నల్లబడింది. ఎండిపోయిన గద్ద ఒకటి, ఒక్క రెక్కతో, తెరచాపంత వెడల్పున ఓడ మీద గిరగిరా తిరిగింది. దాని ముఖం బిచ్చగాడిది. నావికులు బరిసెలు విసిరారు. బరిసెల కర్రలు గాలిలోనే పుచ్చి రాలాయి. తరళ మొలలోంచి కత్తి దూసి ఓడ అంచెక్కి నిలబడింది. గద్ద దిగిన ప్రతిసారీ ఆమె కత్తి దాని రొమ్మును గీసింది. రాలింది నెత్తురు కాదు, ఎండుటాకులు.

"నా తండ్రిని చంపావు!"

"నీ తండ్రి నన్ను నరికించాడు!" గద్ద అరిచింది. "వెయ్యేళ్లు ఎవరి జోలికీ పోకుండా నిలబడ్డాను. మీ మంచాల కోసం కావలసి వచ్చాను!"

తరళ కత్తి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో గద్ద ఆమెను రెక్కతో కొట్టి పడేసి, చుక్కాని వైపు మళ్లింది. అమరం పూర్తిగా గుల్లయిపోవడంతో చుక్కాని చీలలు ఊడి నీళ్లలోకి జారుతోంది. నీళ్లలో పడితే అలలే దాన్ని మాంత్రికుడి ఒడిలోకి చేరుస్తాయి. మాచన తాడు విసిరి బిగించాడు. నూకన్న, అతడు కలిసి చుక్కానిని పైకి లాగి పలకల మీద పడుకోబెట్టారు. నిలువెత్తు మనిషంత ఉంది.

గద్ద గొంతు మారింది. నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు, తడిసి, పడుచుగా వినిపించింది.

"అయ్యా... నన్ను కాల్చేత్తావా అయ్యా?"

నావికులందరూ ఒక్కసారిగా నీళ్లలోకి చూశారు. అది గౌరన్న గొంతే. నూకన్న చుక్కాని మీదికి వంగాడు.

"సలేస్తంది అయ్యా. సెయ్యి తియ్యొద్దన్నాను కదా..."

"సరంగుగారూ, అది మీ బిడ్డ కాదు!" తరళ నెత్తురోడుతున్న నుదుటితో లేవబోయింది.

"తెలుసమ్మా," అన్నాడు నూకన్న. కన్నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి. "తెలిసినా గొంతు ఆడిదే కదా."

అతడు చుక్కాని మీద చెయ్యి వేసి, తల దగ్గర నుంచి కాళ్లదాకా నిమిరాడు. స్నానం చేయించిన బిడ్డను నిమిరినట్టు నిమిరాడు. తర్వాత వంటవాడి దగ్గరున్న నిప్పుకుండను తెమ్మని సైగ చేశాడు.

"కాల్చేత్తాను నాయనా," అన్నాడు నీళ్లవైపు చూసి. "నీకు నిప్పెట్టే రాత ఆ పొద్దు నాకు దొరకలేదు. ఒళ్లు దొరికితే కదా. నాలుగు నెలలు నీ శవాన్ని పట్టుకునే తిరిగేను. ఇయ్యాల దొరికింది. ఎల్లిపో."

నిప్పు పెట్టాడు.

వేగిస కర్పూరంలా అంటుకుంది. గద్ద కెవ్వుమంది. దాని రెక్క అంచున పొగ లేచింది. కానీ చుక్కాని కింద పలకలు అప్పటికే పిండి. ఓడ అమరం ఒక్కసారి కుంగింది. మండుతున్న చుక్కాని నీటివైపు జారింది. తడిస్తే ఆరిపోతుంది, ఆరిపోతే అంతా వృథా.

నూకన్న దాని కిందికి దూరాడు. రెండు భుజాల మీదికి ఎత్తుకున్నాడు. నడుము దాకా నీళ్లలో నిలబడి, మంటను నెత్తిమీద మోశాడు.

"సరంగుగారూ, వదిలెయ్యండి!" మాచన అతని వైపు దూకబోయాడు. ఇద్దరు నావికులు అతణ్ణి వెనక్కి, మంచాల మీదికి లాగారు.

"మంచాలెక్కండ్రా!" నూకన్న గద్దించాడు. ఓడ మీద అతడు గొంతెత్తడం నాలుగు నెలల్లో అదే మొదటిసారి. "నలభై మందినీ లెక్కెట్టు మేస్త్రీ! ఒక్కడు తగ్గినా ఊరుకోను!"

నీళ్లు రొమ్ముకు వచ్చాయి. గద్ద మంటమీదికి దూకి గోళ్లతో చుక్కానిని లాగింది. నూకన్న వదల్లేదు. గద్ద గోళ్లే మండి రాలాయి. నీళ్లు మెడకు వచ్చాయి. చుక్కాని నడిమికి విరిగి రెండు నిప్పుకణికలుగా మిగిలింది. అతడు చేతులు నిటారుగా పైకెత్తి వాటిని పట్టుకున్నాడు. తల మునిగింది. చేతులు మాత్రం నీటిపైన ఉన్నాయి, ఆఖరి కణిక బూడిదై గాలికి పోయేదాకా. తర్వాత అవీ కనిపించలేదు.

శుష్కనాథుడు గాలిలోనే గుప్పెడు ఎండుటాకులై సముద్రం మీద రాలాడు. చెద ఎక్కడిదక్కడ దుమ్ము అయిపోయింది.

మాచనకు ఎడమచెయ్యి భగ్గుమన్నట్టయింది. చూసుకున్నాడు. వేళ్లు కదిలాయి. ఆ చేతికి పది నెలల తర్వాత మొట్టమొదట తెలిసింది నూకన్నను కాల్చిన మంట సెగ. అతడు ఆ చేతిని ముఖానికి కప్పుకుని, మంచం మీద బోర్లాపడి ఏడ్చాడు.

పడమట సూర్యుడు సగం మునిగి ఉన్నాడు. ముత్తక్క పెదవులు బిగిసిపోకముందే అయిందా, బిగిసిన తర్వాత అయిందా? ఎవరు చెప్పగలరు? దారుకావతి ఆరు సముద్రాల అవతల ఉంది.

తరళ అతని పక్కన కూర్చుంది. నుదుటి నెత్తురు తుడుచుకుంది.

"నా తండ్రి ఇక లేవడు. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు," అంది. "నీ ముత్తక్క సంగతి నాకు తెలియదు. తెలియదు కాబట్టి మనం ఇంటికి వెళ్లాలి. లే మాచనా."

నలభై వేపమంచాలు జతజతలుగా తాళ్లతో కట్టుకుని, అలల మీద తేలుతున్నాయి. మేస్త్రీ పేరుపేరునా పిలిచి లెక్కపెట్టాడు. నలభైమందీ పలికారు. లెక్క ముగిశాక అతడు అలవాటు కొద్దీ అమరం ఉండవలసిన వైపు తిరిగి, "అందరం ఉన్నాం సరంగూ" అన్నాడు.

తెడ్లు లేవు, చుక్కాని లేదు. మంచాల పట్టెలు ఊడదీసి తెడ్లుగా వాడదామని మాచన ఉలి తీశాడు. రెండు పట్టెలు ఊడాయో లేదో, కింద నీరు వేగంగా సాగడం మొదలెట్టింది. గాలి లేదు, అలల్లేవు. ఏదో పెద్ద ప్రవాహం వాళ్లను ఇంటికి ఎదురుదిక్కుకు ఈడ్చుకుపోతోంది. ముందు ఒక పొగమంచు గోడ లేచింది. ఆ మంచులోంచి డప్పుల చప్పుడు వినిపించింది.

మంచు చీల్చుకుని పొడుగాటి నల్లదోనెలు పన్నెండు బయటికి వచ్చాయి. వాటి కొనల్లో మొసలి తలలు చెక్కి ఉన్నాయి. ఎముకల దండలు వేసుకున్న బల్లెగాళ్లు మంచాలను చుట్టుముట్టారు. ముందు దోనెలో నిలబడిన ఎత్తైన మనిషి బల్లెం కొనను మేస్త్రీ గొంతుకు ఆనించాడు.

"ఈ సముద్రంలోకి మా రాణి అనుమతి లేకుండా వచ్చిన ఓడ సరంగును మొసళ్ల మడుగులో వేస్తాం. మిగిలినవాళ్లు బానిసలు. చెప్పండి! మీ సరంగు ఎవడు?"

నలభైమందీ తలలు దించుకున్నారు. తరళ లేవబోయింది. ఆమెను ఆపి, మాచన లేచి నిలబడ్డాడు. కింద మంచం ఊగింది.

"మా సరంగు పేరు నూకన్న," అన్నాడు. "రాలేడు. ఆయన పని మిగిలింది. నేను చూస్తాను. ఇప్పుడు సరంగును నేనే."

మేస్త్రీ తల ఎత్తి చూశాడు. ఒకరి వెనక ఒకరు నావికులందరూ తలలెత్తారు.

బల్లెగాడు నవ్వి, ఉచ్చుతాడు మాచన మెడకు విసిరాడు.